ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాటైటిస్: తలరాత అని వదిలేయకూడదు

పిత్తాశయంలోని రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే కడుపు నొప్పి, కామెర్లు, చలిజ్వరం మొదలవుతాయి. ఒకప్పుడు ఆ రాయిని తీయాలంటే పొట్ట కోయక తప్పేది కాదు. ఇప్పుడు నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, కోత, కుట్లు లేకుండానే తీస్తున్నారు. ఈఆర్‌సీపీ అని పిలిచే ఈ ప్రక్రియ జీర్ణకోశ వైద్యంలో వచ్చిన గొప్ప మార్పుల్లో ఒకటి. క్యాన్సర్ వల్ల మూసుకుపోయిన పిత్తనాళంలో స్టెంట్ వేసి దారి తెరవడానికీ, శస్త్రచికిత్స తర్వాత పైత్యరసం కారుతుంటే ఆపడానికీ ఇదే మార్గం.

అయితే ఈ ప్రక్రియకు ఒక చీకటి కోణం ఉంది. రాయి తీయించుకోవడానికి వెళ్లిన వారిలో కొందరికి అంతకుముందు లేని పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, కొత్తగా వస్తుంది. 108 క్లినికల్ ట్రయల్స్‌లో నివారణ చికిత్స అందని 13 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి 2015లో ఒక విశ్లేషణ వెలువడింది. అందులో ఈ సమస్య 9.7 శాతం మందిలో కనిపించింది. ముప్పు ఎక్కువగా ఉన్న వారిలో అది 14.7 శాతానికి చేరింది. చాలామంది రెండు మూడు రోజుల సెలైన్‌తో, నొప్పి మందులతో కోలుకుంటారు. కొద్దిమంది మాత్రం ఐసీయూకు చేరతారు. క్లోమంలో కొంత భాగం కుళ్లి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది. అరుదుగానైనా మరణాలూ జరుగుతున్నాయి.

ఇలా జరిగినప్పుడు ఆసుపత్రి వరండాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇది ఎవరికైనా రావచ్చు, మన చేతుల్లో లేదు". ఇందులో సగమే నిజం. ఈ సమస్యను పూర్తిగా లేకుండా చేసే విద్య ఇంకా ఎవరికీ తెలియదు. కానీ ముప్పులో పెద్ద భాగం ఎండోస్కోపు నోట్లోకి వెళ్లకముందే తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయాలు డాక్టరు నైపుణ్యానికి మాత్రమే సంబంధించినవి కావు. ఆసుపత్రి పద్ధతులకు, ఖర్చు భరించే పథకాలకు, రోగికి చెప్పే మాటలకు కూడా సంబంధించినవి.

ఒకే ద్వారం, రెండు నాళాలు

సమస్యకు మూలం శరీర నిర్మాణంలోనే ఉంది. కాలేయం నుంచి పైత్యరసాన్ని తెచ్చే నాళం, క్లోమం నుంచి జీర్ణరసాలను తెచ్చే నాళం చిన్నపేగు మొదటి భాగంలో ఒకే చిన్న బుడిపె దగ్గర తెరుచుకుంటాయి. చాలామందిలో అవి బయటికి వచ్చే ముందే కలిసిపోతాయి. ఆ ద్వారం చుట్టూ ఉండే కండరాన్ని 1887లో వివరించినవాడు రుగ్గెరో ఓడి అనే ఇటాలియన్ వైద్య విద్యార్థి. అతని పేరుతోనే దాన్ని నేటికీ పిలుస్తున్నారు.

ఎండోస్కోపుతో ఈ ద్వారాన్ని చేరిన డాక్టరు సన్నని వైరును పిత్తనాళంలోకి పంపాలి. ద్వారం కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. వైరు పిత్తనాళంలోకి కాకుండా పక్కనున్న క్లోమ నాళంలోకి వెళ్లడం అసాధారణమేమీ కాదు. పదేపదే ప్రయత్నిస్తే ద్వారం ఉబ్బుతుంది. అప్పుడు క్లోమరసం బయటికి రావడానికి దారి ఉండదు. ఎక్స్‌రేలో నాళాలు కనబడటానికి ఎక్కించే రంగు ద్రవం క్లోమ నాళంలోకి పోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కండరాన్ని కోయడానికి వాడే కరెంటు వేడి కూడా చుట్టుపక్కల కణజాలాన్ని దెబ్బతీయవచ్చు.

క్లోమం తయారు చేసే ఎంజైములు మాంసకృత్తులనూ కొవ్వునూ జీర్ణం చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి నిద్రాణ స్థితిలో ఉండి, పేగులోకి చేరాకే పని మొదలుపెడతాయి. కణాలకు దెబ్బ తగిలినప్పుడు ట్రిప్సిన్ వంటి ఎంజైములు క్లోమం లోపలే మేల్కొంటాయి. అంటే క్లోమం తనను తానే జీర్ణం చేసుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి రోగనిరోధక కణాలు గుమిగూడి వాపును పెంచుతాయి. కొందరిలో ఆ మంట ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు కూడా పాకుతుంది.

ఈఆర్‌సీపీ తర్వాత రక్తంలో అమైలేజ్ ఎంజైము కొంత పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. అది మాత్రమే జబ్బు కాదు. కొత్తగా కడుపు నొప్పి వచ్చి, ప్రక్రియ జరిగిన 24 గంటల తర్వాత కూడా అమైలేజ్ సాధారణ స్థాయికి మూడు రెట్లు లేదా అంతకు మించి ఉండి, ఆసుపత్రిలో ఉండాల్సి వస్తేనే దాన్ని పాంక్రియాటైటిస్‌గా లెక్కించాలని 1991లో నిపుణులు ఒక నిర్వచనం ఇచ్చారు. పరిశోధనల్లో ఇప్పటికీ ఎక్కువగా దాన్నే వాడుతున్నారు.

అవసరం తక్కువ ఉన్నవారికే ముప్పు ఎక్కువ

ఈ సమస్యలో అన్నిటికంటే ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. పిత్తనాళం బాగా ఉబ్బి, రాయి స్పష్టంగా కనిపిస్తూ, కామెర్లతో వచ్చిన వృద్ధుడికి ముప్పు సాధారణంగా తక్కువ. నాళం సన్నగా, బిలిరుబిన్ మామూలుగా ఉండి, కారణం తెలియని కడుపు నొప్పితో వచ్చిన యువతికి ముప్పు చాలా ఎక్కువ. మొదటివారికి ప్రక్రియ వల్ల మేలు ఖాయం. రెండోవారికి మేలు సందేహాస్పదం. అంటే ఈఆర్‌సీపీ ఎవరికి అంతగా అవసరం లేదో వారికే ఎక్కువ హాని చేసే అవకాశం ఉంది.

1996లో మార్టిన్ ఫ్రీమన్ బృందం ఉత్తర అమెరికాలో 2,347 మంది రోగులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం దీన్ని లెక్కలతో చూపింది. కండరాన్ని కోసిన మొత్తం రోగుల్లో 5.4 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. రక్తస్రావం వంటివన్నీ కలిపితే 9.8 శాతం మందికి ఏదో ఒక సమస్య ఎదురైంది. అదే, ఓడి కండరం సరిగా పనిచేయడం లేదన్న అనుమానంతో ప్రక్రియ చేయించుకున్న వారిలో ఈ సంఖ్య 21.7 శాతం.

అసలు ఆ అనుమానంతో కండరాన్ని కోయడం వల్ల నొప్పి తగ్గుతుందా? దీనికి జవాబు రావడానికి 2014 వరకు ఆగాల్సి వచ్చింది. పిత్తాశయం తీసేశాక కూడా నొప్పితో బాధపడుతున్న 214 మందిని అమెరికాలో రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి నిజంగానే కండరం కోశారు. మరో వర్గానికి ఈఆర్‌సీపీ చేశారు కానీ కోయలేదు. ఏడాది తర్వాత చూస్తే నిజంగా కోసిన వారిలో 23 శాతం మందికి, కోయని వారిలో 37 శాతం మందికి ఉపశమనం లభించింది. అంటే కోయడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. పాంక్రియాటైటిస్ మాత్రం రెండు వర్గాల్లోనూ పదిమందిలో ఒకరికి పైగా వచ్చింది. అప్పటికే కొన్ని దశాబ్దాలుగా ఎంతోమందికి ఆ చికిత్స జరిగింది.

ఈ చరిత్ర నుంచి నేర్చుకోవాల్సిన పాఠం సూటిగా ఉంది. పాంక్రియాటైటిస్ రాకుండా చూడటానికి అన్నిటికంటే నమ్మకమైన మార్గం, అవసరం లేని ఈఆర్‌సీపీ చేయకపోవడమే. 1968లో అమెరికాలో విలియం మెక్యూన్ మొదటిసారి ఈ ద్వారంలోకి గొట్టం పంపినప్పుడు నాళాలను చూడటానికి వేరే మంచి దారి లేదు. అప్పట్లో ఇది ప్రధానంగా రోగనిర్ధారణ పరీక్ష. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు ఓడి కండరాన్ని కోయడం మొదలుపెట్టాక చికిత్సగా మారింది. ఇప్పుడు శరీరంలోకి ఏమీ పంపకుండానే నాళాల బొమ్మ తీసే ఎంఆర్‌సీపీ స్కాన్ ఉంది. ఎండోస్కోపు కొనలో అల్ట్రాసౌండ్ అమర్చి చిన్న రాళ్లను కూడా పసిగట్టే పద్ధతి ఉంది. రాయి ఉందో లేదో తేల్చడానికి ఈ రెండూ చాలు.

అమెరికన్ ఎండోస్కోపీ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. స్కాన్‌లో నాళంలో రాయి కనిపించినా, నాళానికి ఇన్ఫెక్షన్ సోకినా, బిలిరుబిన్ 4 దాటి నాళం ఉబ్బి ఉన్నా నేరుగా ఈఆర్‌సీపీకి వెళ్లవచ్చు. అనుమానం మధ్యస్థంగా ఉంటే ముందు ఎంఆర్‌సీపీ గానీ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ చేయాలి. చిన్న రాళ్లు కొన్నిసార్లు వాటంతటవే పేగులోకి జారిపోతాయి. ముందుగా స్కాన్ చేస్తే అలాంటి రోగికి ఈఆర్‌సీపీ తప్పుతుంది.

మన దేశంలో ఈ సలహాకు అడ్డంకి ఖర్చు, దూరం. జిల్లా కేంద్రాల్లో ఎంఆర్ఐ యంత్రం అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట వేల రూపాయలవుతుంది. "ఎలాగూ నగరానికి వచ్చారు కదా, ఒకేసారి చేసేద్దాం" అనే ఒత్తిడి డాక్టరు మీద, కుటుంబం మీద కూడా ఉంటుంది. కానీ పాంక్రియాటైటిస్ వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉంటే అయ్యే ఖర్చు ముందు స్కాన్ ఖర్చు ఎంత? ఈ లెక్కను పేద కుటుంబం వేసుకోలేదు. చికిత్సకు డబ్బు చెల్లించే ప్రభుత్వ పథకాలు వేయాలి.

చవకైన పాత మందు

రెండో నిర్ణయం ఒక మందు గురించి. ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం వాపును ఆపడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఎన్నో మందులు ప్రయత్నించారు. స్టెరాయిడ్లు, అల్లోప్యూరినాల్, ఆక్ట్రియోటైడ్ వంటివి ఎన్నో చిన్న అధ్యయనాల్లో ఆశ రేపి పెద్ద అధ్యయనాల్లో నిరాశపరిచాయి. చివరికి పనికొచ్చింది నొప్పికి, వాపుకు ఎప్పటి నుంచో వాడుతున్న డైక్లోఫెనాక్, ఇండోమెథాసిన్. అదీ మింగే మాత్రగా కాదు, మలద్వారంలో పెట్టే సపోజిటరీగా.

2003లో స్కాట్లండ్‌లో 220 మందిపై జరిగిన అధ్యయనంలో డైక్లోఫెనాక్ ఇచ్చిన వారిలో 6.4 శాతం మందికి, ఇవ్వని వారిలో 15.5 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. 2012లో అమెరికాలో జోసెఫ్ ఎల్మంజర్ బృందం ముప్పు ఎక్కువగా ఉన్న 602 మందిపై ఇండోమెథాసిన్‌ను పరీక్షించింది. మందు ఇచ్చిన వారిలో 9.2 శాతం, ఇవ్వని వారిలో 16.9 శాతం మందికి సమస్య వచ్చింది. 2016లో చైనాలో 2,600 మందిపై జరిగిన అధ్యయనం మరో ప్రశ్నకు జవాబిచ్చింది. ముప్పు ఉన్నవారిని ఎంచుకుని ప్రక్రియ తర్వాత ఇవ్వాలా, లేక ముందుగానే అందరికీ ఇవ్వాలా? అందరికీ ముందుగా ఇచ్చినప్పుడు 4 శాతం మందికి, ఎంచుకుని తర్వాత ఇచ్చినప్పుడు 8 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది.

ఈ ఆధారాలతో యూరోపియన్ ఎండోస్కోపీ సంఘం 2020లో స్పష్టమైన సిఫార్సు చేసింది. అలర్జీ, మూత్రపిండాల వైఫల్యం వంటి అడ్డంకులు లేని ప్రతి రోగికీ ఈఆర్‌సీపీకి కాస్త ముందు 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ సపోజిటరీ ఇవ్వాలని చెప్పింది. మన దేశంలో డైక్లోఫెనాక్ సపోజిటరీ ధర ఈఆర్‌సీపీ మొత్తం బిల్లులో కనిపించనంత చిన్నది.

సమస్య మందు దొరకకపోవడం కాదు, మరచిపోవడం. పేటెంటు ఎప్పుడో ముగిసిన మందు గురించి ప్రచారం చేసే కంపెనీ ఉండదు. దాన్ని ఇవ్వడం డాక్టరు పనా, నర్సు పనా, వార్డులోనా, ఎండోస్కోపీ గదిలోనా అన్నది తేల్చకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. పైగా మలద్వారం ద్వారా మందు అంటే రోగికీ, ఇచ్చేవారికీ కొంత మొహమాటం ఉంటుంది. విమానం ఎగరడానికి ముందు పైలట్ ఒక్కో అంశాన్నీ సరిచూసుకున్నట్టు, ఈఆర్‌సీపీకి ముందు చదివే జాబితాలో ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు: "సపోజిటరీ ఇచ్చామా? ఇవ్వకపోతే ఎందుకు?"

స్టెంట్, వైరు, అనుభవం

ముప్పు ఎక్కువ ఉన్నవారికి మందు ఒక్కటే సరిపోతుందా? కొన్నేళ్ల పాటు అలాగే అనిపించింది. క్లోమ నాళంలో సన్నని ప్లాస్టిక్ స్టెంట్ పెట్టి రసం బయటికి పోయే దారి తెరిచి ఉంచడం అప్పటికే తెలిసిన పద్ధతి. కానీ అది శ్రమతో కూడుకున్నది. పెట్టడానికి ప్రయత్నించి విఫలమైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మందు ఉండగా స్టెంట్ ఎందుకు అని చాలామంది అనుకున్నారు. 2024లో లాన్సెట్‌లో వెలువడిన అధ్యయనం ఆ భావనను సవరించింది. అమెరికా, కెనడాల్లో ముప్పు ఎక్కువ ఉన్న 1,950 మందిలో మందు మాత్రమే ఇచ్చినప్పుడు 14.9 శాతం మందికి, మందుతో పాటు స్టెంట్ కూడా పెట్టినప్పుడు 11.3 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. చవకైనది దొరికిందని కష్టమైనదాన్ని పక్కన పెట్టకూడదని ఇది చెబుతోంది. రెండూ వాడిన తర్వాత కూడా ముప్పు పదిమందిలో ఒకరికి మించి ఉందన్నది గుర్తుంచుకోవాలి.

దీనికి భిన్నమైన అనుభవం సెలైన్ విషయంలో ఎదురైంది. రింగర్ లాక్టేట్ ద్రావణం ఎక్కువగా ఎక్కిస్తే వాపు తగ్గుతుందని చిన్న అధ్యయనాలు చెప్పాయి. నెదర్లాండ్స్‌లో 826 మందిపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, సపోజిటరీ ఇచ్చినవారికి అదనంగా ఎక్కువ సెలైన్ ఎక్కించడం వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు.

చేసే చేతికి కూడా ప్రాధాన్యం ఉంది. ముందు రంగు ద్రవం ఎక్కించి వెతకడం కంటే వైరుతో నెమ్మదిగా దారి వెతకడం వల్ల ముప్పు తగ్గుతుందని తేలింది. ఎక్కువ సంఖ్యలో ఈఆర్‌సీపీలు చేసేవారి చేతిలో ప్రక్రియ విజయవంతమయ్యే అవకాశం ఎక్కువ, మొత్తం మీద సమస్యలు తక్కువ. ఈ విషయంలో తెలుగువారికి ఒక సానుకూలత ఉంది. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వల్ల హైదరాబాద్ ఎండోస్కోపీ శిక్షణకు ప్రపంచంలోనే పేరున్న నగరమైంది. నైపుణ్యం ఇక్కడ ఉంది. దాన్ని జిల్లాల దాకా చేర్చడం, కఠినమైన కేసులను సకాలంలో పెద్ద కేంద్రాలకు పంపడం మిగిలిన పని.

రోగికి చెప్పాల్సిన మాట

ముప్పు గురించి రోగికి ఎంత చెప్పాలి? "పదిమందిలో ఒకరికి అంటే భయపడి పారిపోతారు, అసలు జబ్బు ముదురుతుంది" అనేది వైద్యుల్లో వినిపించే వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పిత్తనాళంలో చీము పట్టిన రోగికి ఆలస్యం ప్రాణాంతకం. 1992లో హాంకాంగ్‌లో అలాంటి 82 మందిపై జరిగిన అధ్యయనంలో ఎండోస్కోపీతో చీము తీసినవారిలో 10 శాతం మంది చనిపోతే, పొట్ట కోసి శస్త్రచికిత్స చేసినవారిలో 32 శాతం మంది చనిపోయారు. అలాంటి రోగి పాంక్రియాటైటిస్ భయంతో ఈఆర్‌సీపీ వద్దనుకుంటే అది పెద్ద పొరపాటు.

కానీ దీనికి పరిష్కారం సంఖ్యను దాచడం కాదు, రెండు సంఖ్యలనూ చెప్పడం. చేయించుకుంటే వచ్చే ముప్పు ఎంత, చేయించుకోకపోతే వచ్చే ముప్పు ఎంత అని రెండూ పక్కపక్కన పెడితే చీము పట్టిన రోగి వెంటనే ఒప్పుకుంటాడు. కారణం తెలియని నొప్పితో వచ్చిన రోగి మరో ప్రశ్న అడుగుతాడు. అడగాల్సింది కూడా అదే. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ముప్పులు, చికిత్స వద్దంటే జరిగే నష్టం రోగికి తెలపాలని చెప్పింది. అరుదైన ముప్పులన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అంది. పదిమందిలో ఒకరికి వచ్చేది అరుదైన ముప్పు కాదు. ఇంగ్లిష్‌లో అచ్చేసిన కాగితం మీద, స్ట్రెచర్ ఎక్కే ముందు వేలిముద్ర వేయించుకుంటే అది చెప్పినట్టు కాదు.

అందులో ఇంటికి వెళ్లాక ఏం చూసుకోవాలో కూడా ఉండాలి. ఈ నొప్పి సాధారణంగా మొదటి కొన్ని గంటల్లో, ఎక్కువగా ఒక రోజులోపే మొదలవుతుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకుతుంది, వాంతులతో ఏమీ ఇమడదు. అదే సాయంత్రం డిశ్చార్జి అయి రాత్రి బస్సులో ఊరికి బయలుదేరిన రోగి దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకుంటే విలువైన సమయం పోతుంది. ప్రక్రియ తర్వాత రెండు నుంచి ఆరు గంటల మధ్య నొప్పి ఉన్నవారికి అమైలేజ్ లేదా లైపేజ్ పరీక్ష చేస్తే ఎవరిని పంపవచ్చో, ఎవరిని ఉంచాలో చాలావరకు తెలుస్తుంది. దూరం నుంచి వచ్చినవారిని ఆ రాత్రి అక్కడే ఉంచడం మరింత మంచిది.

చివరిది లెక్క. ఏ ఆసుపత్రిలో ఏడాదికి ఎన్ని ఈఆర్‌సీపీలు జరిగాయి, ఎంతమందికి పాంక్రియాటైటిస్ వచ్చింది, ఎంతమందికి సపోజిటరీ ఇచ్చారు అన్నది నమోదు కావాలి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు చికిత్సలకు డబ్బు చెల్లిస్తున్నాయి కాబట్టి ఈ మూడు అంకెలు అడిగే హక్కు వాటికుంది. కఠినమైన కేసులు తీసుకునే కేంద్రాల్లో సమస్యలు ఎక్కువ కనిపించడం సహజం కాబట్టి ఈ అంకెలతో ర్యాంకులు ఇవ్వకూడదు. ప్రతి ఆసుపత్రీ తన నిన్నటి లెక్కతో నేటి లెక్కను పోల్చుకోవడానికే వాడాలి.

ఇవన్నీ చేసినా కొందరికి పాంక్రియాటైటిస్ వస్తుంది. అప్పుడు డాక్టరు "మన చేతుల్లో లేదు" అంటే రోగి నమ్మవచ్చు. ఆ మాట అనడానికి ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఈ ప్రక్రియ నిజంగా అవసరమైందా? మందు ఇచ్చారా? ముప్పు గురించి ముందే చెప్పారా? ఈ ప్రశ్నలు రోగి బంధువులు అడగడం తప్పు కాదు. వాళ్లు అడగకముందే ఆసుపత్రి జవాబులు సిద్ధంగా ఉంచుకుంటే ఇంకా మంచిది.